చివరి పుల్ల

మొదట్లో గణేశ్వరరావు చేతిలో ఉన్నవి రెండే. ఒక అడ్డాకుల మూట, దాన్ని నెత్తిన పెట్టుకుని వెనకాల నడిచే తమ్ముడు. చింతపల్లి సంతలో కొండవాళ్ళు దింపిన ఆకు కొని, ఘాట్ రోడ్డు జీపులో నర్సీపట్నం దించి, తల్లి చేత విస్తర్లు కుట్టించి, పెళ్ళిళ్ళకీ దినాలకీ వేస్తే పూట గడిచేది. ఇప్పుడు పెదబొడ్డేపల్లి రోడ్డులో గోడౌను ఉంది, ఆకు ప్లేట్లు నొక్కే మిషన్లు ఉన్నాయి, అటు తుని దాకా ఇటు రావికమతం దాకా సరుకు వేసే వ్యాను ఉంది. తమ్ముడు లేడు. ఏది పోయి ఏది వచ్చిందో అతను ఎన్నోసార్లు లెక్క వేసి చూసుకున్నాడు. ఏ కట్టలోనైనా తరుగు ఇంత అని చూపుతోనే తేల్చగల మనిషికి ఈ ఒక్క తరుగు తేలలేదు. తేలకపోవడానికి కారణం తల్లి. ఆవిడ ఇప్పుడు గోడౌను మధ్యలో, ఆకు కట్టలకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో తెల్లగుడ్డ ఉంది. పక్కన నేల మీద దారం ఎక్కించిన సూది ఉంది. ఆ సూది ఆవిడ పట్టుకుంటుందా లేదా అన్నదాని కోసమే బయట రోడ్డు మీద విశాఖపట్నం కారు ఆగి ఉంది.

గుడ్డ సన్నం, జానెడు వెడల్పు లేదు. పొడుగు మాత్రం ఊరంత. వీధి గదిలో చుట్ట విప్పితే నడవ దాటి, ఇంటి వెనకే ఉన్న గోడౌనులోకి దిగి, మిషన్ల పక్క నుంచి పెరటి గుమ్మం దాకా పోయింది. అప్పటికి సగం చుట్ట ఇంకా సంచిలోనే ఉంది. చూడగానే గణేశ్వరరావు వేళ్ళు అంచు నలిపి చూశాయి. మంచి గుడ్డే. జాకెట్టుకి రాదు, తలపాగాకి రాదు, ఒక్క పూట గాలిలో ఆడించడానికి ఇంత గుడ్డా అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడలేదు, అతని మనసు ఎప్పుడూ ముందు సరుకుని చూస్తుంది, మనిషి దగ్గరికి తర్వాత వస్తుంది. ఇది జెండా అట. యుద్ధనౌక కొలువు ముగించే రోజున, ఆ ఒక్క రోజే, స్తంభం మీంచి ఓడ తోక దాకా ఎగరేసే పొడుగు జెండా. ఓడ ఎన్నేళ్ళు పని చేస్తే జెండా అంత పొడుగు. ఇవాళ పొద్దు గుంకేటప్పుడు విశాఖ రేవులో బ్యాండు వాయించి, ఓడ మీది జెండాలన్నీ దించేస్తారు, దీన్నీ దించేస్తారు, అంతటితో ఐ.ఎన్.ఎస్. సీలేరు అన్న పేరు నౌకాదళంలోంచి పోతుంది. ముప్పై ఏళ్ళు దాటిన కొలువు. ఆ ఓడవాళ్ళు తమకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నారు: ఈ గుడ్డ మీద అందులో పని చేసిన ప్రతివాడూ తలో కుట్టు వేయాలి, పోయినవాళ్ళ కుట్టు వాళ్ళ ఇంటివాళ్ళు వేయాలి. నెల రోజులుగా గుడ్డ ఊళ్ళు తిరిగింది. అందరి కుట్లూ పడ్డాయి. తమ్ముడు లోవరాజు కుట్టు పడలేదు.

“ఫోన్లో రెండుమాట్లు సెప్పినాను గదా బాబూ, నాను కుట్టనని,” అంది సోమలమ్మ, ఒళ్ళో గుడ్డ మీంచి చూపు ఎత్తకుండా.

“అందికే ఫోను మానీసి మనిషినే వొచ్చీసేను,” అన్నాడు మత్స్యలింగం. భీమిలి మనిషి. లోవరాజుతో ఒకే ఓడలో ఉన్నాడు, వాడు పై పడక మీద పడుకుంటే ఇతను కింద పడక మీద పడుకునేవాడు. ఇప్పుడు రిటైరై బొజ్జ పెంచాడు గాని, ప్లాస్టిక్ కుర్చీ అంచు మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడంలో ఆ కొలువు ఇంకా పోలేదు. “అమ్మా, ఎండెక్కిపోతంది. ఇంకాసేపు ఆగితే తాళ్ళపాలెం కాడ లారీలు ఒగ్గవు. గుడ్డ ఎల్తే గాని జెండా ఎక్కదు.”

“ఎండెక్కితే నీ ఓడేటి కరిగిపోద్దా,” అంది సోమలమ్మ.

మత్స్యలింగం గణేశ్వరరావు వైపు చూశాడు. బేరం బిగుసుకున్నప్పుడు కొనేవాడు పక్కనున్న మూడోవాడి వైపు చూస్తాడే, ఆ చూపు. గణేశ్వరరావు ముఖం తిప్పుకుని ఆకు కట్టల్ని చూశాడు. అతనికి ఆ కుట్టు కావాలి. మత్స్యలింగానికి కంటే ఎక్కువ కావాలి, ఆ సంగతి ఈ గదిలో ఎవరికీ తెలియనివ్వకూడదు, ఎందుకంటే అవసరం బయటపడితే సరుకు బిగుసుకుంటుంది, అది చింతపల్లి సంతలో మొదటి రోజే నేర్చుకున్నాడు. కుట్టు పడిందంటే తమ్ముడు పోయాడని తల్లి ఒప్పుకున్నట్టు. ఒప్పుకుందంటే తమ్ముడికి చేయవలసినది చేయవచ్చు. ఏటా దసరాకి ముందు వచ్చే అమావాస్య నాడు తండ్రి పేరు చెప్పి బియ్యం ఇచ్చేటప్పుడు పంతులుగారు దర్భ పట్టుకుని ఆగుతారు, ఇంకెవరి పేరైనా ఉందా అన్నట్టు. గణేశ్వరరావు తల అడ్డంగా ఊపుతాడు. పంతులుగారికీ తెలుసు, ఊరికీ తెలుసు. ఉన్న తమ్ముడని పండక్కి పిలవలేడు, పోయిన తమ్ముడని కూడు పెట్టలేడు. కొన్నది కాదు, అమ్మింది కాదు, దారిలో ఎక్కడో ఉన్న సరుకులాగా ఇన్నేళ్ళు తమ్ముడు అలాగే ఉండిపోయాడు. అతను ఏడవలేదు కూడా. ఏడిస్తే వాడు పోలేదన్న తల్లి మాట తీసేసినట్టవుతుంది.

కుట్టనంటోంది. ఆ చేతులు కుట్టని రోజు అతనికి గుర్తు లేదు. జ్వరంలో కుట్టింది, తండ్రి పోయిన పదకొండో నాడు కూర్చుని కుట్టింది. ఆకు మీద ఆకు వేసి, సన్నని వెదురు పుల్ల గుచ్చి, బొటనవేలితో టక్కున విరిచి, మళ్ళీ ఆకు. ఆ టక్కుమన్న చప్పుడే వాళ్ళ ఇంట్లో గడియారం. పక్కన లోవరాజు పడుకుని ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవాడు, చప్పుడు ఆగితే లేచేవాడు. చుట్టూ తిరిగి చివరి ఆకు మొదటి ఆకు మీదకి వచ్చి కూర్చునే చోట చివరి పుల్ల పడాలి. అది పడితేనే విస్తరి. పడకపోతే చూడటానికి విస్తరిలాగే ఉంటుంది, పులుసు పోసినప్పుడు తెలుస్తుంది. రావికమతంలో ఒక పెళ్ళి పంక్తిలో అలాగే తెలిసింది. మగపెళ్ళివారి మేనమామ, పట్టు పంచె కట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు, సాంబారు పోయించుకున్నాడు, సాంబారు నేరుగా ఒళ్ళోకి దిగింది. “ఇస్తరేసినారా జల్లెడేసినారా” అని ఆయన లేచి నిలబడితే పంక్తి మొత్తం తన తన విస్తరి ఎత్తి చూసుకుంది. ఆ ఊళ్ళో ఆ ఏడు గణేశ్వరరావు మళ్ళీ ఒక్క కట్ట వేయలేకపోయాడు. కోపంతో ఇంటికి వచ్చి, కుట్టి పేర్చిన దొంతరలో ఒక్కొక్కటీ ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. అన్నీ బాగున్నాయి, అన్నిటిలో ఒకటే చోట, చివరి పుల్ల పడవలసిన చోట, ఖాళీ. కళ్ళు మందగించాయేమో అనుకున్నాడు. మర్నాడు తలుపు పక్క నుంచి చూశాడు. తల్లి చివరి ఆకు దాకా వచ్చింది, పుల్ల తీసింది, గుచ్చబోయే చోట పెట్టింది, అలా కాసేపు ఉంచి, తీసి మోకాలి పక్కన పడేసింది. అక్కడ పుల్లల కుప్ప ఉంది. విస్తరి పక్కన పెట్టి ఇంకో ఆకు అందుకుంది. కళ్ళు బాగానే ఉన్నాయి.

అప్పటికి లోవరాజు కబురు వచ్చి రెండు నెలలయింది. ఆ సాయంత్రం అతను భార్యతో ఏమీ చెప్పలేదు. మర్నాటి నుంచి వరహాలక్ష్మి పొయ్యి పని ముగించుకుని అత్తగారి దొంతర ముందు కూర్చుని, ఒక్కొక్క విస్తరికీ చివరి పుల్ల తను గుచ్చడం మొదలుపెట్టింది. ఎవరు చెప్పారో, తనే చూసిందో అతను అడగలేదు. అత్త చూసింది, వద్దనలేదు. ఇన్నేళ్ళలో ఆ విషయం ఆ ఇంట్లో మాటగా రాలేదు. తర్వాత మిషన్లు వచ్చాయి, కుట్టిన విస్తరి అడిగేవాళ్ళు తగ్గారు, అయినా తల్లి కోసం అతను కొంత ఆకు వేరే తీసి ఉంచుతాడు. ఆవిడ ఒక పుల్ల తక్కువగా కుడుతుంది, కోడలు ఆ పుల్ల వేస్తుంది.

కబురు కూడా ఈ మత్స్యలింగమే తెచ్చాడు, పక్కన ఒక ఆఫీసరు గారితో. తుపాను గాలికి దారి తప్పిన చేపల బోట్లను వెతకడానికి ఓడ వెళ్ళింది. ఒక బోటు దొరికింది. దానికి తాడు అందించడానికి డెక్కు మీదకి వెళ్ళినవాళ్ళలో లోవరాజు ఉన్నాడు. కెరటం కొట్టింది. బోటులో ఉన్న అయిదుగురూ ఓడెక్కారు. లోవరాజు కోసం ఓడ ఆ నీళ్ళలోనే తిరిగింది, విమానం తిరిగింది, దొరకలేదు. ఆఫీసరు గారు టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఇంగ్లీషు కలిసిన తెలుగులో, చాలా నెమ్మదిగా చెప్పారు. సోమలమ్మ అంతా విని ఒకటే అడిగింది. “దొరకలేదన్నారు. సచ్చిపోనాడని అనలేదు గదా.” ఆయన టోపీ ఇటు చంకలోంచి అటు చంకలోకి మార్చుకున్నారు. “ఓడ నడస్తందా?” నడుస్తోందన్నారు. “అయితే మావోడు డూటీలో ఉన్నట్టే.” వాళ్ళు వెళ్ళాక గణేశ్వరరావు తల్లి పక్కన కూర్చుని, తనకు తెలిసిన ఓదార్పు చెప్పాడు: ఒకడు వెళ్ళి అయిదుగురు వచ్చారమ్మా అని. ఏ కొట్లో చెప్పినా నిలబడే లెక్క అది. తల్లి అతని ముఖంలోకి చూసింది. “అయిదుగురిలో మనోడున్నాడేటి,” అంది. ఆ మాట తర్వాత అతను ఎవరి ఇంట్లోనూ ఎవరినీ లెక్కతో ఓదార్చలేదు.

మత్స్యలింగం వాచీ చూసుకున్నాడు. బయట కారు డ్రైవరు తలుపు తీసి వేసిన చప్పుడైంది. వరహాలక్ష్మి టీ గ్లాసులు తెచ్చి, గుడ్డ తొక్కకుండా చీర కుచ్చిళ్ళు పట్టుకుని, అంచు వెంబడి నడిచి, వచ్చినాయనకి ఒకటి ఇచ్చింది. గుడ్డ మీద కుట్లు సన్నగా, రంగు రంగు దారాలతో ఉన్నాయి. కొన్ని దర్జీ వేసినంత పొందిగ్గా ఉన్నాయి, కొన్ని చీమ నడిచినట్టు వంకరగా ఉన్నాయి. ఒక చోట ఎవరో ముడి వేయడం రాక దారం అలా వదిలేశారు. ఇంతమంది చేతులు. ఒక ఓడకి ఇంతమంది మనుషులు పడతారని అతనికి ఎప్పుడూ తట్టలేదు. ఏటా డిసెంబరులో నేవీ డే ముందు ఓడల్ని జనానికి చూపిస్తారు. అప్పుడు తల్లిని తీసుకుని వెళ్ళేవాడు, విస్తర్ల కట్ట ఒళ్ళో పెట్టుకుని ఆవిడ బస్సులో కిటికీ పక్కన కూర్చునేది. ఆ ఒక్క కట్ట కోడలి చేతికి ఇచ్చేది కాదు. ఓడవాళ్ళు ఆవిడని ఎరుగుదురు; కొత్తగా చేరిన ఉత్తరాది కుర్రాళ్ళు కూడా అమ్మా అని చెయ్యి పట్టి ఎక్కించేవారు. ఆవిడ నేరుగా వెనక వైపు కడ్డీ దగ్గరికి వెళ్ళి, అరచెయ్యి ఆనించి నిలబడేది. లోపల ఎక్కడో ఇంజను తిరుగుతుంటే కడ్డీ సన్నగా అదిరేది. “ఆడతంది,” అనేది, పసిపిల్లాడి గుండె మీద చెయ్యి వేసి చూసినట్టు. ఒక ఏడు ఓడ మరమ్మతులో ఉంది, ఇంజను ఆపేసి ఉంది, కడ్డీ చల్లగా ఊరికే ఉంది. తిరుగు బస్సులో నర్సీపట్నం కాంప్లెక్సు వచ్చేదాకా ఆవిడ ఆ అరచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకునే కూర్చుంది. ఇవాళ సాయంత్రం తర్వాత ఆ కడ్డీ ఇంక అదరదు.

మన ఏరు ఓడ, అనేది ఆవిడ. లోవరాజుకి ఆ ఓడ పడినప్పుడు ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. ఎక్కడి సీలేరు, ఎక్కడి సముద్రం. ఆకు కోసం చింతపల్లి దాటి ఇంకా పైకి వెళ్ళిన రోజుల్లో అన్నదమ్ములిద్దరూ ఆ ఏటి ఒడ్డునే చద్దన్నం విప్పేవారు. లోవరాజు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని “ఈ నీలు ఏటైపోతాయి అన్నియ్యా” అని అడిగాడు ఒకసారి. ఆకు ఎండిపోకముందే కిందకి దించాలన్న తొందరలో ఉన్న అన్న, “కిందకెల్తాయి, లేచి మూట ఎత్తు,” అన్నాడు. తర్వాత బడి పుస్తకంలో చూసి వాడే చెప్పాడు: సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి గోదావరిలో, గోదావరి సముద్రంలో. దారిలో ఎక్కడా బండి మారక్కర్లేదన్నియ్యా, ఇక్కడ వేస్తే నేరుగా అక్కడికే, అని నవ్వాడు. వ్యాపారం మాట తనకూ వచ్చునని చూపించడానికి అలా అన్నాడు. మూట మోయడం వాడికి ఇష్టం ఉండేది కాదు. మోశాడు. మెడ నిటారుగా పెట్టి, తల కదలకుండా, చింతపల్లి సంత మొత్తం తనని చూస్తోందన్నట్టు నడిచేవాడు. ఆ నడక చూసే నేవీ వాళ్ళు తీసుకున్నారని తల్లి నమ్మకం.

“లింగం బాబూ,” అంది సోమలమ్మ. అందరూ అటు తిరిగారు. “జెండా దింపీసేక ఓడని ఏటి సేస్తారు?”

మత్స్యలింగం టీ గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ ఎత్తాడు. “ఏటి సేస్తారమ్మా... బీచి రోడ్డులో సబ్‌మెరైన్ పెట్టలేదేటి, జనాలు సూడ్డానికి. అలగే పెడతారు గావాల.”

తల్లి ముఖం మారడం గణేశ్వరరావు చూశాడు. ఎండిన ఆకు మీద నీళ్ళు చిలకరించినట్టు, ముడతలు అలాగే ఉండి, రంగు మాత్రం వచ్చింది. “బీచిలోనా,” అంది. “అయితే ఎప్పుడు పడితే అప్పుడు ఎల్లొచ్చు. డిసెంబరు దాకా ఆగక్కర్లేదు.” చెయ్యి సూది వైపు కదిలింది. మత్స్యలింగం ఊపిరి వదిలాడు, గుమ్మంలో వరహాలక్ష్మి కూడా. సూది ఆవిడ వేళ్ళలోకి వచ్చింది. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుని నిలబడితే చాలు, కుట్టు పడుతుంది, కారు వెళుతుంది, పంతులుగారికి కబురు పెట్టవచ్చు. ఇది ఏ రకం కట్టో గణేశ్వరరావుకి తెలుసు. పైన నాలుగు వరసలు పచ్చని ఆకు పేర్చి, లోపల చిల్లుల ఆకు పెట్టి బిగించిన కట్ట. అలాంటివి కొని మోసపోయాడు, కుర్రతనంలో అలాంటివి కట్టాడు కూడా, కట్టిన ప్రతిదీ నెల తిరక్కుండా అతని గుమ్మంలోకే తిరిగి వచ్చింది. ఇదీ వస్తుంది. డిసెంబరు వస్తుంది, తల్లి కట్ట ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కుతుంది, బీచి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపించమంటుంది, ఏదీ మన ఓడ అంటుంది. అప్పుడు చెప్పవలసినది ఇప్పటికంటే బరువు. ఇనప సామాను కొనే స్నేహితుడొకడు అనకాపల్లిలో ఉన్నాడు. పాత ఓడలు ఏమవుతాయో గణేశ్వరరావుకి తెలియక కాదు. ఈ నిజం చెపితే ఆవిడ సూది పడేస్తుంది, కుట్టు పడదు, తమ్ముడు ఇంకెన్నేళ్ళో అలాగే దారిలో ఉండిపోతాడు, ఒకవేళ తల్లి పోయేదాకా, ఒకవేళ తను పోయేదాకా. చెప్పకపోతే అంతా కలిసివస్తుంది. లాభమంతా ఒక పక్కనే ఉంది. నోరు మాత్రం రెండో పక్కకి వెళ్ళింది.

“అమ్మా, బీచిలో పెట్టరు,” అన్నాడు.

మత్స్యలింగం కుర్చీలోంచి సగం లేచాడు. “గణేశ్వర్రావు గారూ...”

“ఎక్కడో ఒకటి పెడతారు గాని అన్ని ఓడలూ పెట్టరు. లోపల సామాన్లు విప్పీసి, వేలం ఎయ్యీసి, కోసీస్తారు. ముక్కలు ముక్కలు సేసి కరిగించీస్తారు. ఓడుండదు. నువ్వు డిసెంబర్లో ఎల్లడానికి ఏటీ ఉండదు.”

మిషన్లు పొద్దున్నే ఆపించాడు, కుట్టు పడేటప్పుడు గోల ఎందుకని. సూది తల్లి వేళ్ళలోంచి జారి గుడ్డ మీద పడింది. ఆవిడ దాన్ని తీయలేదు. గణేశ్వరరావు తల్లి కాళ్ళని చూశాడు, పగిలిన మడమల్ని చూశాడు, వాటి పక్క నుంచి పెరట్లోకి పోయిన తెల్లని గుడ్డని చూశాడు. అయిపోయింది అనుకున్నాడు. చేతికి వచ్చిన బేరాన్ని తనే చెడగొట్టుకోవడం అతని జీవితంలో ఇదే మొదలు, ఎందుకు చెడగొట్టాడో కొట్లో ఇంకొకడికి చెప్పలేడు.

“ఎక్కడ కోస్తారు,” అంది తల్లి. అడిగింది మత్స్యలింగాన్ని. “నీలల్లోనా?”

“నీలల్లో కాదమ్మా,” అన్నాడతను, ఇంక దాచడానికి ఏమీ మిగలనివాడి గొంతుతో. “పోటు మీద ఒడ్డుకి తెచ్చి, ఇసకలోకి లాగీసి కోస్తారు.”

“అంతా లాగీస్తారా? తోక వైపు గాని నీలల్లో ఒగ్గీస్తారా?”

“ఒక్క ముక్క ఒగ్గరు. ఇనుం గదా.”

“ఒడ్డుకి తెచ్చీస్తారన్నమాట.”

“తెచ్చీస్తారమ్మా.”

సోమలమ్మ తల ఊపింది. ఒకసారి కాదు, చాలాసేపు ఊపుతూనే ఉంది, ఎవరో దూరంగా చెబుతున్న మాటకి ఊ కొడుతున్నట్టు. గణేశ్వరరావుకి అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆవిడ భయం ఓడ ఆగిపోతుందని మాత్రమే కాదు. ఆ ఓడ కూడా ఏదో ఒక రోజు నీళ్ళలోకి పోతుందని, వాణ్ణి తీసుకుని. ప్రతి తుపాను వార్తకీ టీవీ ముందు నిలబడింది అందుకు. కడ్డీ మీద చెయ్యి వేసింది అందుకు. అంత పెద్దదాన్ని ఒడ్డుకి తెచ్చి ఇసకలో పడుకోబెడతారని ఆవిడకి ఎవరూ చెప్పలేదు; తను మాత్రం చెప్పాడా. ఓడ ఒడ్డెక్కిందంటే వాడి డ్యూటీ కూడా ముగిసినట్టే. మునగదు అన్న మాట ఇన్నేళ్ళు ఎదురుచూసిన ఇంటికి, బొమ్మగా నిలబెడతారు అన్న మాట ఏ పాటి సరుకు.

“వరాలూ,” అంది. “పుల్ల తే.”

వరహాలక్ష్మికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత లోపలికి వెళ్ళి పుల్లల కట్ట తెచ్చింది. సోమలమ్మ కట్టలోంచి ఒకటి లాగి, వంచి చూసి, పడేసి, ఇంకొకటి లాగింది. గుడ్డలో రంగు కుట్లన్నీ అయ్యాక మిగిలిన ఖాళీ చోటు వేలితో తడుముకుంది.

“అమ్మా, సూది ఉంది గదా. గుడ్డకి పుల్లేటి,” అన్నాడు మత్స్యలింగం. “పైవోళ్ళు సూస్తే...”

“నాకు సూదితో ఏటొచ్చు. నా కొడుకుది నాకొచ్చిన కుట్టే.” ఆవిడ గుడ్డని ఆకు మడిచినట్టు చిన్న మడత పెట్టింది. పుల్ల మొన ఆనించింది. అక్కడ ఆగింది. ఆ ఆగడం గణేశ్వరరావు ఎరుగును, తలుపు పక్క నుంచి చూశాడు. దాని తర్వాత పుల్ల మోకాలి పక్కకి పోతుంది. వరహాలక్ష్మి చెయ్యి అతని చొక్కా అంచు పట్టుకుంది, పెళ్ళయిన ఇన్నేళ్ళలో పరాయి మనిషి ముందు ఎప్పుడూ పట్టుకోలేదు. పుల్ల గుడ్డలోకి దిగింది. మడత కింద నుంచి పైకి వచ్చింది. బొటనవేలు వంగింది. టక్కుమంది.

“లాగి సూడు,” అంది తల్లి, గుడ్డ మత్స్యలింగం వైపు తోసి. “గాలికి ఊడిపోద్దేమో.”

అతను లాగి చూడలేదు. పుల్ల మీద చూపుడు వేలు ఆనించాడు. “ఎవులేనా అడిగితే నాను సూసుకుంటాను,” అన్నాడు. “ఐనా అడగరమ్మా. ఆ పుల్ల సూస్తే మా ఓళ్ళకి తెలుస్తాది. ప్రతి ఏడూ నువ్వు తెచ్చిన ఇస్తర్లు కారిపోయీవి. ఎవులూ నీకు సెప్పలేదు. భోజనాల కాడ కూకోగానే తలో పళ్ళు కుట్టుకునే పుల్ల తీసుకుని, కారే కాడ గుచ్చుకుని తినీవోళ్ళం. కొత్తోడెవుడైనా వొస్తే ముందు అది నేర్పీవోళ్ళం, తర్వాతే ఓడ పని.”

“దొంగల్లారా,” అంది సోమలమ్మ. నోటి చివర ఏదో కదిలింది. “నాకు తెలనట్టు తిన్నారూ.”

గుడ్డ చుట్టడానికి నలుగురూ పట్టారు. పెరటి గుమ్మం నుంచి గణేశ్వరరావు, నడవలో వరహాలక్ష్మి, వీధి గదిలో మత్స్యలింగం. డ్రైవరు చెప్పులు విడిచి లోపలికి వచ్చి చుట్ట తిప్పాడు. పుల్ల ఉన్న చోటు వచ్చినప్పుడు విరగకుండా అందరూ ఆగారు. ఇవాళ సాయంత్రం అది ఓడ పైన గాలిలో ఉంటుంది, బంగారు అంచుల టోపీలు కిందనుంచి చూస్తాయి, అంత ఎత్తులో ఎవరికీ కనబడదు. కొండ మీద వెదురు, నర్సీపట్నంలో చీల్చింది, సముద్రం మీద. వస్తారా మీరూ అని మత్స్యలింగం కారు దగ్గర అడిగాడు. గణేశ్వరరావు లోపలికి చూసి, లేదన్నాడు. కారు అబీద్ సెంటరు వైపు మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. ఒక ఆటో వాడు ఎక్కడికండీ అని ఆగాడు. ఎక్కడికీ కాదన్నాడు.

తిరిగి గోడౌనులోకి వచ్చేసరికి తల్లి కట్ట విప్పి ఆకు ఏరుతోంది. మామూలుగా చేతికి వచ్చిన ఆకు వేసుకునే మనిషి, ఇప్పుడు ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి, చిల్లు ఉన్నది పక్కన పెట్టి, పెద్దవి, ఒకే ఈడువి తీస్తోంది. అతను మిషన్లు వేయమని చెప్పబోయి మానుకుని, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆకు మీద ఆకు పడింది. పుల్ల, టక్కు, ఆకు, పుల్ల, టక్కు. చుట్టూ తిరిగి చివరి ఆకు మొదటి ఆకు మీదకి వచ్చింది. వరహాలక్ష్మి అలవాటుగా చెయ్యి చాచింది. అత్త ఆ చేతిని మెల్లగా పక్కకి నెట్టి, తనే పుల్ల గుచ్చి, విరిచి, విస్తరి పెద్దకొడుకు చేతిలో పెట్టింది.

“దినానికి ఇస్తరి కావాల గదేటి,” అంది. “మిషను ప్లేట్లో పెడతావేటి నీ తమ్ముడికి. పంతులుగారికి కబురెట్టు. సీలేరు ఒడ్డున పెట్టు, ఆడికి ఆ నీలంటే ఇష్టం.”

గణేశ్వరరావు విస్తరిని రెండు చేతులా పట్టుకున్నాడు. చివరి పుల్ల ఉన్న చోట వేలితో నొక్కి చూశాడు, సరుకు చూసినట్టే. గట్టిగా ఉంది. ఆకు మీద ఒక చుక్క పడింది, ఇంకొకటి పడింది, పడినవి పడినట్టే నిలిచాయి. అవి తన కళ్ళలోంచి పడుతున్నాయని అతనికి వరహాలక్ష్మి పమిట చెంగు అందించాకే తెలిసింది. సీలేరులో వేస్తే శబరి, శబరి నుంచి గోదావరి, గోదావరి నుంచి నేరుగా వాడి దగ్గరికి. దారిలో ఎక్కడా బండి మారక్కర్లేదు.

ఆకుల మూటతో, తమ్ముడితో మొదలుపెట్టిన మనిషి ఆ పూట ఆఖరుసారి లెక్క వేసి చూసుకున్నాడు. పోయింది: ఒక పుల్ల. మిగిలింది: కారని విస్తరి ఒకటి, దాని ముందు పేరు పెట్టి పిలిచి వడ్డించడానికి, ఇన్నేళ్ళకి, ఒక తమ్ముడు.